వారానికి అరవై వాషర్లు

మా డిపోలో స్టోర్‌కీపర్‌ను అందరూ "కనీసం గారు" అనేవారు. ఆయన ముందు కాదు, వెనకాల. ఏ సరుకు గురించి ఎవరడిగినా ఆయన నోటి వెంట వచ్చే మొదటి మాట "ఉండండి, కనీసం ఎంత ఉండాలో చూడనివ్వండి" అని. నీళ్ల మోటార్ల విడిభాగాలు అమ్మే డిపో మాది. బోల్టు దగ్గర్నుంచి బేరింగు దాకా నాలుగు వేల రకాల సరుకు. ప్రతి రకానికీ ఒక అట్టముక్క, దాని మీద ఎర్ర పెన్సిలుతో ఒక అంకె. సరుకు ఆ అంకెకు దిగిందంటే ఆ రోజే ఆర్డరు వెళ్లాలి, ఆకాశం ఊడిపడినా సరే. బిల్లింగ్ కౌంటర్ నాది. మా ఇద్దరి బల్లలూ ఎదురెదురు. పదకొండేళ్లు ఆయన మొహం చూస్తూ పనిచేశాను కాబట్టి ఆయన గురించి చెప్పే హక్కు నాకుంది. పైగా ఆయన చేసిన తప్పులో నా సంతకం కూడా ఉంది.

చేరిన కొత్తలో నాకు పని నేర్పింది ఆయనే. నేర్పడమంటే కూర్చోబెట్టి చెప్పడం కాదు, చెయ్యి పట్టుకుని అరల మధ్యకు తీసుకుపోవడం. ప్రతి సరుకుకూ రెండు డబ్బాలుండేవి, ఒకదాని వెనక ఒకటి.

"చూడు తల్లీ, ముందు డబ్బా అమ్మకానికి, వెనక డబ్బా భరోసాకి. ముందుది ఖాళీ అయిన రోజే ఆర్డరు పెట్టాలి. కొత్త సరుకు వచ్చేదాకా వెనకది మనల్ని మొయ్యాలి. రెండూ అయిపోయాక ఆర్డరు పెట్టేవాడు చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం."

"మరి మూడు డబ్బాలు పెట్టుకుంటే ఇంకా భద్రం కదా బాబాయ్?"

"మూడో డబ్బాలో ఉండేది సరుకు కాదు, భయం. దానిక్కూడా చోటు కావాలి, అద్దె కట్టాలి. మన భయానికి కంపెనీ ఎందుకు కట్టాలి అద్దె?"

ఇంకో మాట కూడా తరచూ అనేవారు. గిరాకీ అంటే మన ఆశ కాదు, గుమ్మం దాటి వచ్చి అడిగే మనిషి అని. ఒక వేసవికి ముందు సేల్స్ కుర్రాళ్లంతా ఎండలు మండిపోతాయి, మోటార్లు కాలిపోతాయి, కాయిల్స్ మూడు రెట్లు తెప్పించమని ఆయన మీద పడ్డారు. "ఎవరైనా వచ్చి అడిగారా?" అన్నారు. అడగలేదు. తెప్పించలేదు. ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. అప్పుడైనా హుందాగా ఊరుకున్నారా అంటే, లేదు. వారం రోజులు సేల్స్ వాళ్లు ఎదురుపడినప్పుడల్లా "గొడుగు తెచ్చుకున్నారా?" అని అడిగి మరీ ఏడిపించారు. మా బాబాయ్ దేవుడేమీ కాదు.

నేను చేరిన రెండో ఏడు ఆయన భార్య పోయారు. పిల్లలు లేరు. ఒక చెల్లెలుంది కానీ ఆవిడ సంసారం ఆవిడది. వారం సెలవు పెట్టి, ఎనిమిదో రోజు ఉదయం అందరికంటే ముందొచ్చి అట్టముక్కలు సరిచూసుకుంటూ కనిపించారు. ఏం పలకరించాలో తెలియక అందరం తప్పుకుని తిరిగాం. ఏడాది గడిచాక ఒక మధ్యాహ్నం, అన్నం డబ్బా మూత తీస్తూ ఆయనే అన్నారు.

"ఇంట్లో వాడకం సగానికి పడిపోయింది తల్లీ. కొనడం తగ్గించడం మాత్రం ఇంకా చేతకావట్లేదు. పాలు విరిగిపోతున్నాయి, కూరగాయలు వాడిపోతున్నాయి. నాలుగు వేల రకాలకి కనీసం ఎంతో చెప్తాను, ఒక్క మనిషికి ఎన్ని గుడ్లు కావాలో తెలియట్లేదు."

అని నవ్వబోయారు. నవ్వు రాలేదు. పక్కనున్న రిజిస్టరు లాక్కుని ఏదో రాసినట్టు నటించాను. ఆ రోజు కాస్త మాట్లాడి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆయన బల్ల మీది ఫోనుకు రోజంతా డ్రైవర్లు, సేల్స్ వాళ్లు చేసేవారు. ఉందా, లేదా, ఎప్పుడొస్తుంది, అంతే. మనిషితో మాట్లాడినట్టు మాట్లాడే ఫోను వారానికి ఒక్కటే వచ్చేది. గురువారం పదిన్నరకు. ఇంకో ఊళ్లో చిన్న షెడ్డులో రబ్బరు వాషర్లు అచ్చువేసే ఆవిడ చేసేది. మేము ఆమెను వాషర్లావిడ అనేవాళ్లం. భర్త నడిపిన షెడ్డును ఆయన పోయాక ఆవిడ ఎత్తుకుంది. ఒకటే ప్రెస్సు, తనే నడిపేది. శుక్రవారం వాళ్ల ఊరి నుంచి మా వైపు వ్యాను వస్తుంది కాబట్టి, ఎన్ని వాషర్లు ఎక్కించాలో అడగడానికి గురువారం ఫోను. ఆ ఫోను పాతది, అవతలి మాట సగం ఇవతలికి వినబడేది. నేను వినకూడదనే అనుకునేదాన్ని, కానీ చెవులకు మూతలుండవు కదా.

"స్టోర్ గారూ, ఈ వారం ఎన్నండీ?"

"రెండొందలు పంపండి. మీ మోకాలు ఎలా ఉంది?"

"మోకాలికేం, నాకంటే ముందే నిద్రలేచి అరుస్తోంది. మీ దగ్గు?"

"ఉంది. అది నన్నొదిలి ఎక్కడికి పోతుంది?"

నాలుగు నిమిషాలు, మహా అయితే ఐదు. వాన, ఎండ, కరెంటు కోత, రబ్బరు ధర. ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు. అందులో ప్రేమ వెతికే వాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు, వాళ్ల నోటికి నేను తాళం వేశాను. అది ప్రేమో కాదో నాకు తెలియదు. గురువారాల్లో మాత్రం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవారు. ఫోనులో చొక్కా కనబడదని ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికుంది?

ఇలా ఆరేళ్లు నడిచింది. తర్వాత ఆ వాషరు పట్టే మోటారును తయారుచేసే కంపెనీ ఆ రకాన్ని ఆపేసింది. కొత్త మోటార్లకు వాషరే అక్కర్లేదు. పాతవి ఒక్కొక్కటీ పాత ఇనుములోకి పోయాయి. వారానికి రెండొందలు పోయే సరుకు ఏడాదిలో ఇరవైకి, ఆపైన సున్నాకు వచ్చింది. ఒక గురువారం బాబాయ్ "ఈ వారం వద్దండీ" అన్నారు. మరుసటి వారం కూడా వద్దన్నారు. అలా నాలుగు వారాలు. ఐదో గురువారం ఫోను రాలేదు. ఆవిడ తప్పేం లేదు, వద్దన్నాక మళ్లీ మళ్లీ అడగడం ఎవరికైనా చిన్నతనమే.

ఆ రోజు ఆయన మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. ఫోను పనిచేస్తోందో లేదోనని రెండుసార్లు ఎత్తి చూశారు. సాయంత్రం గేటు మూసేవరకూ బల్ల దగ్గరే ఉన్నారు.

మర్నాడు ఉదయం నా కౌంటర్ దగ్గరికొచ్చి, "అరవై వాషర్లకి నగదు బిల్లు రాయి తల్లీ" అన్నారు. కొనేవాడెవరూ కనబడలేదు.

"కస్టమర్ ఏడి బాబాయ్?"

"బయట బండి దగ్గరున్నాడు. తొందరలో ఉన్నాడు."

బయట బండి లేదు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా రాశాను. అరవై వాషర్లంటే ఎంత, రెండు పూటల భోజనం ఖర్చు. ముందు డబ్బా ఖాళీ అయింది. ఆయన పద్ధతి ప్రకారం ఆర్డరు వెళ్లాలి. ఆ రోజు వచ్చిన వ్యాను డ్రైవరుతో ఆవిడకు కబురు వెళ్లింది. మరుసటి గురువారం పదిన్నరకు ఫోను మోగింది. ఎత్తేముందు ఆయన గొంతు సవరించుకోవడం చూశాను.

ఇక అక్కడి నుంచి వారానికి అరవై, తప్పకుండా. మా ఆయన నన్ను ఆటపట్టిస్తూ ఉంటాడు, నీ నోట్లో నువ్వుగింజ నానదు అని. ఈ ఒక్క విషయంలో రెండున్నరేళ్లు నానింది. ఎవరి సొమ్మూ పోవట్లేదు, ఎవరికీ నష్టం లేదు అనుకున్నాను. ఒక ముసలాయన జీతంలోంచి రెండు పూటల భోజనం మిగిల్చి నాలుగు నిమిషాల మాట కొనుక్కుంటుంటే మధ్యలో నాదేం పోయింది?

మధ్యలో ఒకసారి ఆయనకు జ్వరమొచ్చి రెండు రోజులు రాకపోతే మందులు తీసుకుని ఆయన గదికి వెళ్లాను. మేడ మీద ఒకే గది. ఒక మంచం, ఒక స్టవ్వు, ఒక కుర్చీ. కుర్చీ మీద బట్టలున్నాయి, అంటే ఇంకొకరు వచ్చి కూర్చునే సందర్భమే లేదన్నమాట. గోడ పొడవునా అట్టపెట్టెలు, నా భుజం ఎత్తు దాకా. అన్నీ వాషర్లే. ప్రతి పెట్టెకూ అట్టముక్క కట్టి తారీఖు వేశారు, పాతవి ముందు, కొత్తవి వెనక. "వచ్చినవి" అన్న గడి నిండా అరవైలు. "పోయినవి" అన్న గడి ఖాళీ.

"ఇవి ఎవరికిస్తారు బాబాయ్, తారీఖులెందుకు?"

దుప్పట్లోంచే చెప్పారు. "రబ్బరు నిలవుంటే బిరుసెక్కుతుంది తల్లీ. ఎప్పుడైనా ఎవరైనా అడిగితే ముందొచ్చింది ముందు పోవాలి కదా."

గుమ్మం దాటి వచ్చి అడిగే మనిషే గిరాకీ అని నేర్పిన మనిషి ఆయన. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. జ్వరం మనిషిని ఏమంటాం? మాత్ర ఇచ్చి, కుర్చీ మీది బట్టలు మడతపెట్టి వచ్చేశాను.

అసలు సంగతి ఎక్కడ బెడిసిందంటే, మేము అమ్మే ప్రతి బిల్లూ హెడ్డాఫీసు కంప్యూటర్‌కు చేరుతుంది. మా మోటారు బెల్టులు ఒక నెల ఎగిరి ఇంకో నెల పడేవి. బేరింగులూ అంతే. ఈ వాషరు ఒక్కటే వారానికి అరవై, వానలోనూ ఎండలోనూ అరవై. నాలుగు వేల రకాల్లో ఇంత నిలకడ సరుకు ఇంకొకటి లేదు. హెడ్డాఫీసులో ఎవరో చదువుకున్నాయన అది చూశాడు. ఒక డిపోలో ఇంత నమ్మకంగా పోయేది మిగతా పదకొండు డిపోల్లో ఎందుకు పోదు, మనం పెట్టకే పోవట్లేదు అనుకున్నాడు. పన్నెండు డిపోలు, వారానికి అరవై, ఏడాదికి యాభై రెండు వారాలు. ముప్పై ఏడు వేల పైచిలుకు. దానికి కాస్త భరోసా సరుకు కలిపి నలభై వేలు చేశాడు. వచ్చే ఏడాదికి నలభై వేల వాషర్లు అవసరం కావచ్చునని ఒక ఉత్తరం నేరుగా ఆవిడకే పంపాడు. కావచ్చు అన్నది అంచనా, ఆర్డరు కాదు. కానీ ఒంటి ప్రెస్సుతో బతుకీడ్చే మనిషి కంటికి నలభై వేలు కనిపిస్తుందా, కావచ్చు కనిపిస్తుందా? చేతులు మారేకొద్దీ గోరంత కొండంతయింది.

ఆ గురువారం ఆవిడ గొంతు నా బల్ల దాకా కాదు, గేటు దాకా వినబడింది.

"స్టోర్ గారూ, మీ నోరు మంచిదండీ! నలభై వేలంట! రెండో ప్రెస్సు మాట్లాడేశాను. సోమవారం అడ్వాన్సు కడుతున్నా. షెడ్డు మీద అప్పు తీసుకున్నాలెండి, ఇంత పని చేతిలో ఉంటే భయమేముంది. ఇద్దరు ఆడవాళ్లని కూడా కుదుర్చుకున్నా. బట్టల దుకాణంలో కుట్టుపని చేసేవాళ్లు, పాపం మంచి పనిమంతులు. అక్కడ మానేసి సోమవారం నుంచి వచ్చేస్తారు. అంతా మీ చలవే!"

ఆయన "ఆహా, సంతోషమండీ" అన్నారు. ఫోను పెట్టేసి అలాగే ఉండిపోయారు. నేను లేచి వెళ్లి మంచినీళ్లిచ్చాను.

"బాబాయ్, హెడ్డాఫీసుకి రాసేద్దాం. ఈ సరుకు ఇక పోవట్లేదు, అంచనా తప్పు అని రాద్దాం. కొన్నదెవరో చెప్పక్కర్లేదు."

"వాళ్లు ఆ కాగితం చదివేసరికి మూడు వారాలు. ఆవిడ సోమవారం అడ్వాన్సు కడుతుంది."

"పోనీ ఊరూ పేరూ లేని కస్టమర్ ఎవరో మానేశాడని చెప్పండి."

"అబద్ధం చెప్పే తెచ్చాను తల్లీ ఇక్కడిదాకా."

ఆయన ఎదురుగా రెండే దారులున్నాయి. నిజం చెప్తే గురువారాలుండవు. చెప్పకపోతే ఆవిడ షెడ్డు ఉండదు. ఇంతకంటే తేలిక లెక్క లేదని ఇప్పుడు అనిపించవచ్చు. ఆ మనిషి చెయ్యి ఫోను మీద పెట్టి తీసి, పెట్టి తీసి, పావుగంట పడ్డ అవస్థ నేను చూశాను. చివరికి పాత చలానా మీద నంబరు చూసి నొక్కారు. తొమ్మిదేళ్లలో ఆయన ఆవిడకు ఫోను చేయడం అదే మొదలు. ఎప్పుడూ ఆవిడే చేసేది.

"నేనండీ, స్టోర్ నుంచి."

"ఇందాకేగా మాట్లాడాం. ఈ వారం లెక్క మారిందా?"

"ప్రెస్సుకి అడ్వాన్సు కట్టకండి."

"అదేంటండీ?"

"ఆ నలభై వేలు ఎవరికీ అక్కర్లేదు. ఆ మోటార్లే లేవిప్పుడు."

"మరి మీ దగ్గర వారం వారం అరవై పోతున్నాయిగా?"

"కొంటున్నది నేనండీ."

అవతల ప్రెస్సు చప్పుడు వినబడుతూనే ఉంది, దబ్, దబ్ అని.

"మీకు మోటారుందా?"

"లేదు."

"మరెందుకు?"

ఆయన కళ్లు మూసుకున్నారు. "ఒక గురువారం మీరు ఫోను చెయ్యలేదు. అందుకు."

ప్రెస్సు చప్పుడు ఆగింది. నేను రాస్తున్న బిల్లు రాయడం ఆపాను. ఆవిడ అరవలేదు. అరిచినా బావుండేది.

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండున్నరేళ్లు."

"అంటే రెండున్నరేళ్లుగా ఎవరికీ పనికిరాని సరుకు చేస్తున్నానన్నమాట. వేళ్లు కాల్చుకుని, ఒక్కొక్కటీ అంచులు గీకి పంపాను. ఊరికే ఫోను చెయ్యండీ అని ఒక్క మాట అంటే చెయ్యకపోదునా? దానికింత నాటకమా?"

ఆయన చేతిలోని పాత చలానాను మడతపెడుతున్నారు.

"ఆ ఇద్దరూ ఉన్న పని మానేశారు. రేపట్నుంచి రావట్లేదని అక్కడ చెప్పేశారు. వాళ్లకి నేనేం చెప్పను? నేను చెప్పను. సోమవారం మీరే వచ్చి చెప్పండి."

ఫోను పెట్టేసింది.

ఆ సాయంత్రమే హెడ్డాఫీసుకు ఉత్తరం రాశారు. నేనే టైపు చేశాను. "నకిలీ గిరాకీ సృష్టించినది నేనే" అన్న వాక్యం తీసేయమని బతిమాలాను. "అది తీసేస్తే ఇక ఉత్తరంలో ఏముంటుంది?" అన్నారు. బిల్లులు రాసింది నేనని కూడా కలపమన్నాను. అది మాత్రం ఒప్పుకోలేదు. తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. జాబితాలోంచి ఆ సరుకు కొట్టేశారు, ఆయనకొక మెమో వచ్చింది, ఆ ఏడు జీతం పెరగలేదు. నేను మాత్రం చెక్కుచెదరకుండా నా కౌంటర్‌లోనే ఉన్నాను.

సోమవారం సెలవు పెట్టి నాలుగు గంటలు బస్సులో వెళ్లారు. మంగళవారం రాలేదు. బుధవారం వచ్చారు కానీ నోరు విప్పలేదు. గురువారం పదిన్నర అయింది. ఫోను మోగలేదు. ఆయన బెల్టుల అట్టముక్కలు సరిచూస్తున్నారు, అవి నిన్ననే సరిచూసినవి. నా టీ ఆయన బల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుని, ఏం జరిగిందని అడిగాను. అప్పుడు చెప్పారు.

షెడ్డు ముందు ఆ ఇద్దరూ అన్నం డబ్బాలతో నిలబడి ఉన్నారట. తప్పు నాది, పని లేదు, ఉందని అనుకునేలా చేసింది నేను అని చెప్పారట. చిన్నామె ఏడ్చిందట. పెద్దామె ఏడవలేదు, అడిగిందట.

"మాట్లాడాలనుంటే మీ ఇంటి చుట్టుపక్కల మనుషులే లేరా బాబూ? మా పొట్టల మీదకెందుకు వచ్చారు?"

రెండో ప్రెస్సు ఎలాగూ ఆగింది. నలభై వేలకని తెప్పించిన రబ్బరు మాత్రం అప్పటికే షెడ్డులో దిగిపోయింది. కుర్చీ కాళ్లకు తొడిగే రబ్బరు తొడుగులు ఎవరో అడిగారని, వాటికి అచ్చు చేయిస్తానని, చిన్నామెను దానికి ఉంచుకుంటానని వాషర్లావిడ అందట. పెద్దామెను వెంటబెట్టుకుని బాబాయ్ ఆ బట్టల దుకాణానికి వెళ్లారు. అక్కడ అప్పటికే ఇంకొకరిని పెట్టుకున్నారు. ముక్కూమొహం తెలియని దుకాణదారు ముందు తన కథంతా మొదటి నుంచీ చెప్పుకున్నారు. అతను నవ్వాడట. నవ్వి, వారానికి మూడు రోజులైతే రమ్మన్నాడట. ఆరు రోజుల మనిషికి మూడు రోజులు మిగిలాయి. ఆ పని అయ్యేదాకా ఆగడం వల్లే మంగళవారం రాలేకపోయారు.

"ఆవిడ మీతో ఏమన్నారు బాబాయ్?"

"మంచినీళ్లు ఇచ్చింది. వచ్చేటప్పుడు జాగ్రత్తగా వెళ్లండి అంది."

"అంతేనా?"

"అంతే. ఇంకేమంటుంది?"

టీ చల్లారిపోతోంది. ఆయన ముట్టుకోలేదు. ఏదో ఒకటి మాట్లాడించాలని, ఆడదాన్ని కాబట్టి నాకు సహజంగా ఉండే కుతూహలంతో అడిగాను.

"ఇంతకీ మనిషి ఎలా ఉంటారు? ఫోనులో గొంతు విని నేనైతే పొడుగ్గా ఉంటారనుకున్నాను."

ఆయన నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు కనబడ్డారు.

"గ్లాసు పెట్టిన చెయ్యి చూశాను. వేళ్ల మీద కాలిన మచ్చలున్నాయి," అన్నారు. "మొహం చూడలేదు తల్లీ. నేను తలెత్తితే కదా."